బీడులో నల్ల పొరని గీకేయాలా, పెంచాలా? కళ్యాణదుర్గం ప్రశ్నకి నా సమాధానం

అన్నా, మీ ప్రశ్న చూశాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తా. కళ్యాణదుర్గం దగ్గర గుట్ట కింద మీకు ఆరెకరాల బీడు ఉంది, ఎర్ర గరుసు నేల, బోద గడ్డి దుబ్బులు దుబ్బులుగా ఉంది, ఆ దుబ్బుల మధ్య ఖాళీ నేల మీద నల్లగా గరుగ్గా ఒక పొర ఉంది, వాన పడితే పచ్చగా మారుతుంది, ఎండకి మళ్లీ నల్లబడి కొన్నిచోట్ల పెచ్చులు లేస్తుంది. ఒకాయన వచ్చి ఆ పాచి వల్లే నీళ్లు ఇంకడం లేదు, జేసీబీ పెట్టి పైన గీకించి మొక్కలు నాటు అన్నాడు. ఇంకొకాయన అది మంచిది, లేనిచోట కూడా బ్లూ గ్రీన్ ఆల్గే ప్యాకెట్లు తెచ్చి చల్లు, రోజూ స్ప్రింక్లర్‌తో కాసిన్ని నీళ్లు కొట్టు అన్నాడు. ఎవరి మాట వినాలి అని మీరు అడిగారు.

ఇద్దరి మాటా వద్దు. ఉన్న పొరని ముట్టుకోకండి. పోయినచోట ముందు కాళ్లూ చక్రాలూ ఆపండి, తర్వాత గాలినీ పారే నీళ్లనీ నెమ్మది చేయండి, అప్పటికీ రాకపోతేనే మీ నేలలో దొరికే పొరనే కొంచెం పొడి చేసి చల్లండి. ప్యాకెట్ కొనాల్సిన పని లేదు, రోజూ తుంపర కొట్టడం అయితే అసలే వద్దు. నేను అనంతపురం, కడప వైపు వాటర్‌షెడ్ పనుల్లో, బీడు నేలలు బాగుచేసే పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఆ అనుభవంతో చెప్తున్నా. కారణాలు కింద వివరంగా రాస్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు మీ దగ్గరున్నది ప్రాణమున్న పొరా, ఉత్త అట్టా అనేది తేల్చుకోవాలి. మన ఎర్ర నేలల్లో గట్టివాన పడి రెండ్రోజులు ఎండ కాస్తే నేల అట్ట కడుతుంది కదా, చెనిక్కాయ విత్తనం మొలక పైకి రాలేక లోపలే వంకరపోతుంది, రైతులందరికీ తెలిసిన బాధే ఇది. వాన చినుకు దెబ్బకి మట్టి గడ్డలు చితికి, సన్న రేణువులు రంధ్రాల్లోకి దిగి బిగుసుకోవడం వల్ల వచ్చేది అది, అందులో జీవం ఏమీ ఉండదు, గుంటకతోనో గొర్రుతోనో పగలగొట్టాల్సిందే. మీ బీడులో ఉన్నది అదైతే నేను ఇక్కడ చెప్పేదేదీ దానికి పనికిరాదు. రెండూ పైకి చూస్తే గట్టిపొరల్లాగే కనిపిస్తాయి, అందుకే జేసీబీ సలహా ఇచ్చినాయన పొరబడి ఉండొచ్చు.

తేడా కనుక్కోవడం సులభం. ఎండిన పొర మీద కాసిన్ని నీళ్లు చిలకరించి ఐదు పది నిమిషాలు ఆగండి. ప్రాణమున్నదైతే కళ్లముందే నలుపు కాస్తా ముదురాకుపచ్చలోకి తిరుగుతుంది, ఉత్త అట్ట అయితే తడిసిన ఎర్రమట్టిగానే ఉంటుంది. ఇంకోటి, రూపాయి బిళ్లంత పెచ్చు ఒకటి తీసి మెల్లగా రెండుగా విరవండి, విరిగిన అంచు దగ్గర సన్నటి దారాలకి ఇసుక రేణువులు వేలాడుతూ కనిపిస్తాయి, కళ్లకి కనపడకపోతే పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం పెట్టుకోండి. మూడోది గాజు గ్లాసులో నీళ్లు పోసి పెచ్చుని అందులో వదలండి. అట్ట పెచ్చు కాసేపటికే కరిగి అడుగున మట్టిగా కూర్చుంటుంది, ప్రాణమున్న పెచ్చు ముక్కగానే నిలబడుతుంది. మీరు రాసిన లక్షణాలని బట్టి మీది రెండోదే అనిపిస్తోంది కానీ ఈ మూడూ చేసి చూసుకోండి, పైసా ఖర్చు లేదు.

ఇంతకీ ఆ పొరలో ఏముంది? ముఖ్యంగా సయనోబాక్టీరియా, పాత పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని రాసేవారు, బ్లూ గ్రీన్ ఆల్గే అన్నా ఇవే. వాటితోపాటు లైకెన్లు (బూజూ, శైవలమూ ఒకటిగా కలిసి బతికేవి), చిన్న చిన్న నాచు మొక్కలు (ఇంగ్లీషులో మాస్ అంటారు), బూజు పోగులు, మామూలు బాక్టీరియా. అన్నీ కలిసి పై కొన్ని మిల్లీమీటర్ల మట్టిలోనే కాపురం, అంతకంటే లోతుకి వెలుతురు పోదు, వెలుతురు లేకపోతే వాటికి తిండి లేదు. బయోక్రస్ట్ అంటారు దీన్ని. ప్రపంచం మొత్తం మీద నేలలో దాదాపు 12 శాతం దీని కిందే ఉందని అంచనా, ఎక్కువగా మనలాంటి మెట్ట ప్రాంతాల్లోనే.

వీటిలో మొదట వచ్చేది మైక్రోకోలియస్ అనే జాతి. సన్నటి పోగులు కొన్ని కలిసి తాడు పేనినట్టు ఒకే జిగురు తొడుగులో ఉంటాయి. నేల తడవగానే పోగులు తొడుగులోంచి జరిగి పైకి వస్తాయి, ఎండుతుంటే మళ్లీ కిందికి దిగుతాయి, అలా దిగినప్పుడల్లా పాత తొడుగు అక్కడే మిగిలిపోతుంది, ఆ మిగిలిన తొడుగులే ఇసుక రేణువుల్ని పట్టి ఉంచేది. అంటే పైన ప్రాణం నిద్రలో ఉన్న ఎండాకాలంలో కూడా పొర తన పని తాను చేస్తూనే ఉంటుంది. నలుపు రంగు తర్వాత వచ్చే నాస్టాక్, సైటోనీమా జాతులది, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి సైటోనెమిన్ అనే ముదురు రంగు పదార్థాన్ని ఒంటికి తయారు చేసుకుంటాయి. మీరు పెచ్చులు లేస్తుంది అన్నారే, వానకి ఉబ్బి పచ్చటి జెల్లీలాగా చేతికి జారుతూ ఉండి, ఎండితే నల్లటి కాగితం ముక్కల్లాగా అయిపోయేది ఉంటే అది నాస్టాక్. గుట్ట బండల మీదనుంచి నీళ్లు జారే అంచుల్లో, గట్టుకి ఉత్తరం వైపు బాగా కనిపిస్తుంది, ఈసారి వాన ఆగిన పొద్దున పోయి చూడండి.

గాలిలోని నత్రజనిని నేలకి పట్టిచ్చేది ఈ నాస్టాక్, సైటోనీమా, ఇంకా కొల్లీమాలాంటి జెల్లీ లైకెన్లు. మైక్రోకోలియస్‌కి ఆ శక్తి లేదు. అందుకే లేత రంగు పొర కంటే నల్లబడిన పొర విలువ ఎక్కువ అంటాను, అది ముదిరిన పొర. అలాగని యూరియా బస్తాకి బదులు అనుకోవద్దు, ఇది బీడులో గడ్డికి, పొదలకి నెమ్మదిగా అందే తిండి, పంటకి లెక్కగట్టేది కాదు.

ఇక జేసీబీ సంగతి. పొర మందం మిల్లీమీటర్లలో, బకెట్ పన్ను దిగేది అడుగుల్లో. ఒక్కపూటలో పోయేది మళ్లీ రావడానికి పట్టే కాలం వేరే లెక్క. అమెరికాలో యూటా రాష్ట్రంలో జేన్ బెల్నాప్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఈ పొరల మీదే పని చేసినారు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో, 1942 నుంచి 1944 దాకా, మొహావీ ఎడారిలో జనరల్ ప్యాటన్ మొదలుపెట్టిన సైనిక శిక్షణ జరిగింది, అక్కడ తిరిగిన యుద్ధ ట్యాంకుల జాడల్ని యాభై ఏళ్లు దాటినాక ఆమె బృందం పరిశీలిస్తే సయనోబాక్టీరియా బాగానే తిరిగొచ్చింది కానీ పొదల మధ్య ఖాళీల్లో లైకెన్లు ఇంకా కోలుకోలేదు. మనకి అంతకంటే వాన ఎక్కువ, అనంతపురంలో సగటున సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల దరిదాపు, కాబట్టి ఇక్కడ తొందరగానే వస్తుంది, నేను చూసినంతలో లేత పొర కొన్ని వానాకాలాల్లో తిరిగొస్తుంది. కానీ లైకెన్లు మాత్రం ఇక్కడ కూడా చాలా ఆలస్యం.

కంబదూరు వైపు ఒక గుట్ట కింద ఏం జరిగిందో చెప్తా. ఒక ప్రాజెక్టువాళ్లు వాలు మొత్తం మెషిన్‌తో గీకి, కందకాలు తవ్వి, వరసగా మొక్కలు పెట్టినారు. కందకాలు తప్పు కాదు, నేను కూడా తవ్విస్తాను. కానీ కందకానికీ కందకానికీ మధ్య ఉన్న నేలని కూడా శుభ్రం చేయడం ఎందుకో ఎవరూ చెప్పలేదు. తర్వాత వచ్చిన మొదటి పెద్దవానకే ఆ మధ్య నేల అంతా కొట్టుకొచ్చి కందకాలు సగం పూడిపోయినాయి, కింద వంకలో ఎర్రటి నీళ్లు పారినాయి. పక్కనే గీకని ముక్క ఒకటి మిగిలింది, అక్కడ కందకంలో చేరిన మట్టి చాలా తక్కువ. అది చూసినాక నేను ఏ పనిలో ఉన్నా మెషిన్ డ్రైవర్‌కి సున్నంతో గీత గీసి చూపిస్తున్నా, గీత దాటి చక్రం దిగకూడదని. మీరు కందకాలు తవ్వించాలనుకుంటే ఇదే చేయండి, తవ్విన మట్టిని కింది వైపు గట్టుగా వేయించండి, పొర మీద పరచనివ్వద్దు, మట్టి కింద పూడితే పొర చచ్చిపోతుంది.

నీళ్లు ఇంకనివ్వదు అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఈ పొర నీళ్లని ఎక్కువ ఇంకిస్తుందా తక్కువ ఇంకిస్తుందా అనేదానికి అన్నిచోట్లా ఒకే జవాబు లేదు. చలికి నేల గడ్డకట్టే ఎడారుల్లో పొర ఎగుడుదిగుడుగా లేచి ఉంటుంది, ఆ గుంతల్లో నీళ్లు ఆగి ఇంకుతాయి. వేడి ప్రాంతాల్లో ఇసుక నేల మీద పొర నునుపుగా ఉంటుంది, తడిసి ఉబ్బి రంధ్రాలు మూసుకుని కొంత నీటిని పారిస్తుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దీన్ని బాగా చదివినారు, అక్కడ పొర మీద నుంచి పారిన నీళ్లే కింద ఉన్న పొదలకి ఆధారం, ఆ పొర చెడగొడితే పొదలకి నీళ్లందవు. మీ బీడులో కూడా అదే జరుగుతోందని నా అంచనా, ఖాళీ నేల మీద నుంచి కొంచెం నీళ్లు జారి బోద దుబ్బు మొదట్లో చేరుతున్నాయి, దుబ్బు ఒక్కోటీ చిన్న కట్టలాగా ఆపుతోంది. నమ్మకం కలగకపోతే వాన పడేటప్పుడు గొడుగేసుకుని పోయి దుబ్బుకి పైవైపు చూడండి, ఆకు తుక్కు, మేక పెంటికలు, సన్నమట్టి చేరి ఉంటాయి. పొర గీకేస్తే ఇంకడం పెరగదు, రెండు వానలకే అట్ట కట్టి అంతకంటే ఎక్కువ పారుతుంది, ఈసారి మట్టిని కూడా తీసుకుపోతుంది.

ప్యాకెట్ల గురించి. మన దేశంలో ఈ సయనోబాక్టీరియా మీద పాత, గొప్ప పని ఉంది. 1939లో పి.కె. డే అనే శాస్త్రవేత్త వరి మడుల్లో నత్రజని చేరడానికి ఇవే కారణమని చూపించినారు. 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎన్. సింగ్ ఉత్తరప్రదేశ్ చౌడు నేలల్ని వీటితో బాగుచేయొచ్చని రాసినారు, గట్లు కట్టి వాననీళ్లు నిలబెడితే ఇవి పెరిగి నేలలో సేంద్రియం పెంచి చౌడుని తగ్గించినాయి. కానీ రెండింట్లోనూ నిలబడిన నీళ్లు ఉన్నాయి, గమనించండి. బజార్లో అమ్మే ప్యాకెట్ వరికోసం, అనాబీనా, టోలిపోత్రిక్స్, ఆలోసైరా లాంటి మడి నీళ్లలో పెరిగే రకాలు. వాటిని తీసుకొచ్చి మే నెలలో చెప్పు లేకుండా కాలు పెట్టలేని గరుసు నేల మీద చల్లితే అవి బతకవు. అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని కాదు, అది తయారుచేసింది ఈ పనికి కాదు. జీవామృతం చల్లొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు, చేనులో వాడుకోండి, బీడు పొరకి దాని అవసరం లేదు.

రోజూ తుంపర సలహా వినడానికి ఎంత మంచిగా ఉన్నా అన్నిటికంటే ప్రమాదం ఇదే. నాచు ఎండిపోయి నిద్రలో ఉంటుంది కదా, తడి తగలగానే లేచి ముందు తన దగ్గర దాచుకున్న తిండి ఖర్చు పెట్టి దెబ్బతిన్న ఒంటిని సరిచేసుకుంటుంది, ఆ తర్వాత ఎండలో కొత్త తిండి తయారు చేసుకుని ఆ ఖర్చు పూడ్చుకోవాలి. తడి అరగంటకే ఆరిపోతే ఖర్చు అయింది కానీ రాబడి రాలేదు. రోజూ ఇలా జరిగితే నిల్వ అయిపోయి చచ్చిపోతుంది. యూటాలోనే ఒక ప్రయోగంలో వేసవిలో చిన్న చిన్న జల్లులు, ఒక్కోసారి 1.2 మిల్లీమీటర్లు మాత్రమే, మాటిమాటికీ ఇస్తూ పోతే అక్కడి ప్రధానమైన నాచు ఏడాదిలోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కాబట్టి నీళ్లు ఇస్తే నేల పూటంతా తడిగా ఉండేట్టు ఇవ్వండి, కుదరకపోతే అసలు ఇవ్వకండి. ఆరెకరాల బీడుకి మీ బోరు నీళ్లు పెట్టాల్సిన అవసరం కూడా లేదు, ఆ నీళ్లు మీ చేనుకి ఉంచుకోండి.

మరి పోయినచోట ఏం చేయాలి అంటారు కదా.

మొదటిది దారి మార్చడం. నేను చూసిన ప్రతిచోటా సగం పని ఇదే. మీ బీడులో మందలు ఎక్కడ నడుస్తాయో మీకు తెలుసు, ఆ బాటల్లో పొర ఉండదు, వాటి రెండు పక్కలా ఉంటుంది. కంచె వేయొద్దు అనను, కానీ కంచె వేస్తే కాపరులతో గొడవ, కంచె తెగడం, చివరికి మంద ఇంకా ఎక్కువ నేల మీద తిరగడం, ఇదే జరుగుతుంది. దానికంటే వాళ్లతో కూర్చుని మాట్లాడండి, వాళ్లకి గడ్డి గురించి మనకంటే ఎక్కువ తెలుసు. నా అనుభవంలో ఒప్పుకునే మాట ఇది: ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా మంద అడ్డంగా పోకూడదు, నీళ్ల తొట్టికి ఒకే బాటలో పోవాలి, వానలు పడి నేల తడిగా ఉన్నప్పుడు, గడ్డి లేచినాక కొన్నాళ్లు మేపుకోవచ్చు. మన ఎర్ర ఇసుక నేలల్లో పొర ఎండి పెళుసుగా ఉన్నప్పుడు గిట్ట తగిలితే పొడైపోతుంది, తడిగా ఉన్నప్పుడు కాస్త ఓర్చుకుంటుంది, పైగా వానాకాలం మొదట్లో తగిలిన దెబ్బ ఆ వానలకే కొంత మానుతుంది. నీళ్ల తొట్టి బీడు మధ్యలో ఉంటే అంచుకి మార్పించండి, ఆ ఒక్క మార్పుతోనే ఎన్నో అడ్డదారులు తగ్గుతాయి. ట్రాక్టరు, బైకులు కూడా అంతే, ఒకే బాట. వేసవిలో గుట్టకి నిప్పు పెట్టే అలవాటు మీ ఊర్లో ఉంటే దాన్ని ఆపడం కూడా ఇందులోదే, నాచు, లైకెన్లు మంటకి తట్టుకోవు.

రెండోది కట్టె కంప. బోడిగా ఉన్న వాలులో కందికట్టె, ఎండిన కంప, చిన్న రాళ్లు వాలుకి అడ్డంగా పలచగా పరచండి. నేలంతా కప్పేయొద్దు, మూడొంతులు తెరిచే ఉండాలి, వెలుతురు తగలాలి. కట్టె పక్కన నీడ, మంచు తడి ఎక్కువసేపు ఉంటుంది, మొదటి పచ్చదనం ఎప్పుడూ కట్టె అంచునే మొదలవుతుంది. చెనిక్కాయ కట్టె వాడొద్దు, అది పశువుల మేత, మన జిల్లాలో మేత ఎప్పుడూ కరువే, పైగా దాని వాసనకి మంద మళ్లీ అక్కడికే వస్తుంది.

మూడోది విత్తనంలాగా పొర చల్లడం, అదీ మొదటి రెండూ చేసి రెండు వానాకాలాలు చూసినా ఏమీ రాకపోతేనే. బాగున్న చోటు గీకి బాగలేని చోట వేయడం మాత్రం చేయొద్దు. ఎక్కడో ఎలాగూ పోయే పొర ఉంటుంది, కందకం తవ్వబోయే గీత మీద, ఇల్లు కట్టబోయే పునాది చోట, రోడ్డు వెడల్పు చేసేచోట. అక్కడి పై అర సెంటీమీటరు మాత్రం పారతో పలచగా లేపి, నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో పొడిగా ఉంచుకోండి. తడిగా కట్టిపెడితే కుళ్లిపోతుంది. ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్ మొదట్లోనో చేత్తో నలిపి చల్లండి, పదడుగుల చోటుకి ఒక అడుగు చోటు కప్పేంత చాలు. అప్పుడే ఎందుకంటే మనకి ఎక్కువ వాన సెప్టెంబర్‌లో, తర్వాత అక్టోబర్‌లోనూ పడుతుంది, ఆ వెనకే చలికాలం మంచు ఉంటుంది, పొర కుదురుకోవడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. జూన్‌లో చల్లితే మన గాలులకి సగం ఎగిరిపోతుంది.

చేతిలో తక్కువ పొడి ఉంటే పెంచుకోవచ్చు కూడా. జల్లించిన ఇసుకమట్టి ట్రేల్లో పోసి, పైన ఈ పొడి చల్లి, షేడ్‌నెట్ కింద తడిగా ఉంచితే కొన్ని వారాల్లో పచ్చబడుతుంది. కానీ నీడలో సుఖంగా పెరిగింది ఎండలోకి ఒక్కసారిగా తీసుకుపోతే చచ్చిపోతుంది, నెట్ మెల్లగా తీస్తూ, నీళ్లు తగ్గిస్తూ అలవాటు చేయాలి. ఇంత చేసినా పొలంలో నిలబడేది కొంతే, మిగతా దేశాల్లో పెద్ద పెద్ద ల్యాబుల్లో పెంచి వేసినవి కూడా చాలాసార్లు నిలవలేదు. అందుకే ఇది మూడో స్థానంలో పెట్టినా.

ఇసుక కదిలే చోట వరస మారుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది ఇసుక దిబ్బలు చేలమీదికి వస్తుంటాయి, అక్కడి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీకు ముందు ఇసుక ఆగాలి, ఆ తర్వాతే ఏ పొరైనా. చైనాలో షాపోటౌ అనే చోట టెంగర్ ఎడారి మీదుగా రైలు మార్గం వేసినారు, 1950ల్లో, పట్టాల మీదికి దిబ్బలు రాకుండా గడ్డిని మీటరుకి మీటరు గళ్లుగా ఇసుకలోకి దించి నిలబెట్టినారు. గళ్లలో ఇసుక ఆగింది, ఎండకి ఓర్చుకునే పొదలు నాటినారు, తర్వాత ఎవరూ చల్లకుండానే ఆ ఇసుక మీద సయనోబాక్టీరియా పొర వచ్చింది, దశాబ్దాల మీద నాచు, లైకెన్లు కూడా చేరినాయి. తర్వాత చైనాలోనే ఇన్నర్ మంగోలియా అనే ఇంకో ప్రాంతంలో మైక్రోకోలియస్, సైటోనీమా పెద్ద ఎత్తున పెంచి దిబ్బల మీద చల్లే పని కూడా చేసినారు. మన దగ్గర గళ్లకి జొన్న సొప్ప కంటే కందికట్టె నయం, పశువులు పీక్కుపోవు.

ఇంకొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మీ నేల ఎర్రది కాబట్టి ఇదంతా సరిపోతుంది. ఉరవకొండ, తాడిపత్రి వైపు, కర్నూలు పడమటి వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు దీన్ని పట్టించుకోవద్దు, రేగడి ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బి తనని తాను తిరగేసుకుంటుంది, అలా కదిలే నేల మీద ఈ పొర నిలవడం కష్టం. అలాగే మీ చేనులో దీన్ని పెంచాలని చూడకండి, ఏటా గొర్రు, గుంటక తిరిగే నేలలో ఇది ఉండదు, అక్కడ మీకు కావాల్సింది నేల ఖాళీగా ఉండకుండా చూడటం, వానలకి ముందే నవధాన్యాలు విత్తడంలాంటివి. చేను గట్ల మీద మాత్రం దున్నకుండా వదిలేస్తే పొర వస్తుంది, గట్టు కోసుకుపోవడం తగ్గుతుంది.

బీడంతా చెట్లతో నింపాలన్న ఆలోచన ఉంటే దాని గురించి కూడా ఒక మాట. దట్టంగా నీడ పడి ఆకు రాలితే ఈ పొర ఆ ఆకు కింద కప్పడిపోయి చస్తుంది. అది ఒక్కటే కాదు, గడ్డి దుబ్బులు, చిన్న పొదలు, మధ్యలో ఖాళీ నేల, ఇది మన సీమకి సహజంగా ఉండే రూపం, పాడైపోయిన అడవి కాదు. కడప జిల్లా లంకమల దగ్గర 1986లో కలివికోడి మళ్లీ కనిపించింది కదా, ప్రపంచంలో ఇక లేదనుకున్న పక్షి, అది బతికింది ఇలాంటి పలచని పొదల మధ్య ఖాళీల్లోనే. చెట్లు కావాలంటే వంక పక్కన, కందకాల వెంట పెట్టుకోండి, నల్ల పొర ఉన్న ఖాళీలు వదిలేయండి.

మీ ప్రశ్నలో లేకపోయినా సోలార్ గురించి రాయాలనిపిస్తోంది, ఎందుకంటే మన సీమలో ఇప్పుడు చాలా బీడు సోలార్ పార్కులకి పోతోంది. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల పార్కు, కదిరి వైపు ఎన్.పి. కుంట పార్కు మీరు చూసే ఉంటారు. ప్యానెళ్లు వేసేముందు నేల చదును చేస్తారు, ఉన్న పొర అంతా పోతుంది, ఆ తర్వాత లేచే దుమ్ము అదే ప్యానెళ్ల మీద పడి కరెంటు తగ్గిస్తుంది, కడగడానికి మళ్లీ నీళ్లు. అమెరికాలో అరిజోనాలో ఫెరాన్ గార్సియా పిషెల్ అనే శాస్త్రవేత్త బృందం 2023లో మంచి సంగతి చూపించింది, ప్యానెళ్ల కింద సగం నీడలో, తడి ఎక్కువసేపు నిలిచే చోట ఈ పొర బయటకంటే బాగా పెరిగింది, అక్కడ పెంచి పక్కన పాడైన నేలలకి విత్తనంగా వాడుకోవచ్చని వాళ్ల ఆలోచన. ఈ పొరలు లేకపోతే ప్రపంచంలో లేచే దుమ్ము ఇంకా చాలా ఎక్కువ ఉండేదని, దాదాపు 60 శాతం దుమ్ముని ఇవి ఆపుతున్నాయని 2022లో వచ్చిన ఒక అంచనా చెప్తోంది. ఆ పార్కుల్లో పనిచేసే ఇంజనీర్లు ఎవరైనా ఉంటే, మీ లేఅవుట్‌లో ప్యానెల్ వరసల కింది నేలని కనీసం చదును చేశాక అయినా ట్రాక్టర్లు తొక్కకుండా వదలండి, మొదట్లో గీకిన పైపొరని కుప్పపోసి మట్టిలో కలిపేయకుండా పక్కకి తీసి పెట్టించండి. ఖర్చు పెద్దగా ఉండదు, నేను ఎక్కడైనా వచ్చి చూపించడానికి సిద్ధం.

అన్నా, ఫలితం ఎలా తెలుస్తుంది అంటారా. ఒక మీటరు చదరం ఉన్న ఇనుప చట్రమో, నాలుగు కర్రలు కట్టుకున్నదో పెట్టుకుని, దారి మళ్లించిన చోట ఒకటి, మంద ఇంకా తిరిగేచోట ఒకటి, రెండు చోట్లకీ గుర్తు రాయి పాతి, ఏటా సంక్రాంతి అప్పుడు ఒకసారి పైనుంచి ఫోటో తీయండి. నీళ్లు చిలకరించి తీస్తే పచ్చది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి ఏడాది ఏమీ కనపడకపోవచ్చు, అడుగు పెట్టినప్పుడు నేల కాస్త బిగువుగా ఉందనిపిస్తుంది అంతే. తర్వాత లేత గోధుమ రంగు పొర, ఆ తర్వాత కట్టె అంచుల్లో, గట్టు ఉత్తరం వైపు నలుపు. లైకెన్ల చుక్కలు కనిపిస్తే ఇక్కడే ఫోటో పెట్టండి, ఏ రకమో చెప్తా. ఈలోపు పైన చెప్పిన మూడు పరీక్షలు చేసి, పెచ్చు విరిచిన అంచుది దగ్గరగా ఒక ఫోటో, బీడు మొత్తం కనపడేట్టు గుట్ట మీద నుంచి ఒక ఫోటో పెట్టండి, మంద బాటలు ఎక్కడున్నాయో చూసి తొట్టి ఎటువైపు మారిస్తే మంచిదో చెప్తాను.